దుబాయి వీధుల్లో నేర్చిన ఫొటో పాఠం

ఆళ్ళగడ్డ: ఉలి దెబ్బ పడగానే రాతి పొడి లేచింది. శిల్పి భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్న యువకుని కెమెరా అప్పుడు 'టిక్'మన్నది. అంతకు ముందు అరగంట సేపు అతను ఒక్క ఫొటో కూడా తీయలేదు.

ఆళ్ళగడ్డకు చెందిన ఈ యువకుడు బ్రతుకుతెరువు కోసం దుబాయి వెళ్ళి, కొన్నేళ్ళు పనిచేసి తిరిగి వచ్చాడు. తన పేరు వ్రాయవద్దని కోరాడు. అక్కడ సెలవు రోజున తోటివారు నిద్రపోతుంటే, తాను పాత కెమెరా మెడలో వేసుకుని క్రీక్ ఒడ్డుకు పోయేవాడు. ఒక దిర్హాం ఇచ్చి 'అబ్రా' పడవ ఎక్కితే బర్ దుబాయి నుండి దేరా ఒడ్డుకు చేరవచ్చు. మూటలు మోసే కూలీలు, మసాలా దినుసుల అంగళ్ళు, ఒకే పడవలో పక్కపక్కన కూర్చున్న పలు దేశాల మనుషులు - అదే అతని బడి.

తృటిలో తప్పిన ముప్పు

ఒకనాడు బిడ్డతో నడిచిపోతున్న ఒకాయనను ఫొటో తీయగా ఆయన ఆగి నిలదీశాడు. ఆయన ఎదుటనే ఫొటో చెరిపివేసి, చేతులు జోడించి బయటపడ్డాడు. గదికి వచ్చాక తోటివారు చెబితే గాని ఎంత గండం గడిచిందో తెలియలేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021లో చేసిన సైబర్ నేరాల చట్టం 44వ అధికరణం ప్రకారం, అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి వారి ఏకాంతానికి భంగం కలిగిస్తే, అది నడివీధి అయినా సరే నేరమే. కనీసం 6 నెలల జైలు, లేదా లక్షా 50 వేల నుండి 5 లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అప్పు చేసి వెళ్ళినవాడి కుటుంబానికి ఇక దిక్కేది?

అడిగి, ఆగి...

ఆనాటి నుండి అడిగే తీస్తున్నాడు. అయితే అడగగానే ఎదుటివారి ముఖం బిగుసుకుంటుంది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెస్సన్ తన చిన్న లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్ల టేపు అంటించి జనంలో కలిసిపోయేవాడు. 1948లో గాంధీజీ అంతిమయాత్రనాడు ఢిల్లీ జనాన్ని ఆయన తీసిన ఫొటోలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. ఆ పద్ధతి అన్ని దేశాల్లో చెల్లదు. అందుకే మన యువకుడు ముందు అడుగుతాడు. ఒప్పుకుంటే కెమెరా ఒడిలో పెట్టుకుని కూర్చుంటాడు. వారు అతన్ని మరచి తమ పనిలో పడ్డాక తీస్తాడు. తీసింది వారికి చూపుతాడు.

ఇప్పుడు నంద్యాల బస్టాండులోనైనా, సంక్రాంతి తరువాత పల్లెలు తిరిగే అహోబిలం పారువేట పల్లకి వెంటనైనా అదే పద్ధతి. ఇక్కడ అడ్డు చెప్పేవారు తక్కువ. 'అక్కడ భయంతో నేర్చుకున్నా. ఇక్కడ మర్యాదని చేస్తున్నా' అంటాడు. విదేశాలకు వెళ్ళేవారు ముందు ఆ దేశపు నిబంధనలు తెలుసుకుని, తరువాతే కెమెరా తీయాలని అతని సలహా.

శిల్పి ఫొటోను నంద్యాలలో కాగితం మీద వేయించి తెచ్చి ఇచ్చాడు. ఎందరో దేవుళ్ళను చెక్కిన ఆ ఇంట్లో, ఉలి పట్టిన ఆయన ఫొటో ఇదే మొదటిది.