కుట్లు మానాలంటే పళ్లెంలో ఏముండాలి? పాచిపెంట కొండల నుంచి ఒక లెక్క

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్లు ఒక కాగితం చేతిలో పెడతారు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ తినాలని అందులో ఉంటుంది. ముందు గుడ్డో చేపో పప్పో తిని, ఆ తర్వాతే అన్నం ముట్టుకోమని ఉంటుంది. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి బతికున్నన్నాళ్లూ మానొద్దని, మొదటి ఏడాదిలో రెండు మూడుసార్లు, ఆ తర్వాత ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోమని ఉంటుంది. మంచి కాగితమే. దాన్ని పట్టుకుని పాచిపెంట కొండ ఎక్కితే ఏమవుతుందో చూద్దామనే ఈ వ్యాసం రాస్తున్నాం.

పాచిపెంట 2022 ఏప్రిల్ 4 దాకా విజయనగరం జిల్లా, ఆ తర్వాత పార్వతీపురం మన్యం జిల్లా. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డు ఈ మండలంలోంచే పోతుంది. రోడ్డు పక్క ఊళ్లకు ఆటో దొరుకుతుంది. పైనున్న ఊళ్లకు ఇప్పటికీ డోలీయే అంబులెన్సు. అక్కడి ఆడవాళ్లకు బరువు తగ్గే ఆపరేషన్‌తో పనిలేదు. వాళ్ల పొట్టల మీద కుట్లు వేరే. కానుపు కోతవి, కుటుంబ నియంత్రణవి, గర్భసంచి తీసేసినవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం కోతలే. పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతానికి ట్యూబెక్టమీ అయింది. గర్భసంచి తీసేయించుకున్నవాళ్ల శాతంలో అంతకుముందు, 2015-16 సర్వేలోనే మన రాష్ట్రం దేశానికి ముందుంది. ఇవన్నీ ఎవరి ఒంటి మీద ఎక్కువ జరుగుతాయో మన పాఠకులకు వేరే చెప్పాలా!

ఇంత కోసిన రాష్ట్రంలో, కోశాక ఏం తినాలన్న కాగితం మాత్రం పేదింటి దాకా రావడం అరుదు. ఇంటికొచ్చాక నడిచేది పథ్యమే.

ముందు ఆ కాగితం వెనకున్న కారణం చెప్పుకుందాం, మన పిల్లల్లో పట్నంలో ఉద్యోగం చేస్తూ ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కూడా పనికొస్తుంది. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయాన్ని చాలా భాగం కోసేసి అరటిపండంత గొట్టంగా మిగులుస్తారు. బైపాస్‌లో చిన్న సంచి ఒకటి చేసి దాన్ని కింద పేగుకు కలుపుతారు, మధ్యలో చిన్నపేగు మొదటి భాగాన్ని తిండి తాకకుండానే పోతుంది. ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ మొదటి భాగంలోనే. బి12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం గోడల్లో తయారయ్యే ఒక పదార్థం కావాలి, గోడే లేకపోతే అదీ తక్కువే. ఇక పట్టేది నాలుగు ముద్దలు. ఆ నాలుగు ముద్దలూ అన్నమే అయితే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. జుట్టు ఊడుతుంది, మెట్లెక్కితే కాళ్లు వణుకుతాయి. అందుకే ముందు ప్రోటీన్ తినమంటారు.

ఇందులో ప్రాణం మీదికి వచ్చేది ఒకటుంది. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులవుతుంటే బి1 విటమిన్, అంటే థయమిన్, కొద్ది వారాల్లోనే అడుగంటుతుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలటం, మాట తికమక కావటం దాని గుర్తులు. 'నీరసం, గ్లూకోజ్ పెట్టించండి' అని సరిపెట్టుకోకూడదు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. పొట్ట ఆపరేషన్ అయిందని డాక్టరుకు ముందే చెప్పాలి.

థయమిన్ లోపం మన ప్రాంతానికి కొత్త కాదు. దానివల్ల వచ్చే బెరిబెరి ఒకప్పుడు ఉత్తర సర్కారుల జబ్బుగానే పేరుపడింది. ఇక్కడి సిపాయిల్లో దాన్ని చూసిన మాల్కమ్‌సన్ అనే డాక్టరు 1835లో మద్రాసులో ఏకంగా పుస్తకమే అచ్చువేశాడు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే దానికి మూలమని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం, గంజి పారబోయని వంట, తరవాణి అలవాటున్న ఇళ్లలో థయమిన్ అంతో ఇంతో మిగులుతుంది. పేదల తిండి అని వెక్కిరించిన గంజిలోనే ఆ విటమిన్ ఉందన్నమాట.

ఇప్పుడు కొండ మీదికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాములు. బిడ్డకు పాలిచ్చే మొదటి ఆరు నెలలూ ఇంకో 17 గ్రాములు కలపాలి. మొత్తం 63. కోత కాన్పయి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చిన పాచిపెంట తల్లికి కావలసింది, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న పట్నం మనిషికి రాసిచ్చే అంకెతో సమానం!

ఆమెకు దొరికేది ఎంత? ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం. రోజుకు 166 గ్రాములు పడుతుంది. అందులో ప్రోటీన్ 13 గ్రాములు. అంత్యోదయ కార్డుంటే ఇంటికి 35 కిలోలు, ఇంట్లో ఏడుగురుంటే అదీ ఇంతే. మిగతా 50 గ్రాములు కొనుక్కోవాలి, పండించుకోవాలి, లేదా అడవిలో ఏరుకోవాలి.

రేషన్ బియ్యంలో విటమిన్లు కలిపి ఇస్తున్నామని ప్రభుత్వం చెబుతుంది. నిజమే. వంద గింజలకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలు కలుపుతారు. అవి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అవి ప్లాస్టిక్ కాదు, పారేయొద్దు. అయితే వాటి మీదే భారం వేయడమూ కుదరదు. కిలోకు గరిష్ఠంగా 1.25 మైక్రోగ్రాముల బి12 కలుపుతారు, అంటే ఆ 166 గ్రాముల్లో 0.2 మైక్రోగ్రాము. రోజుకు కావలసింది రెండుకు పైమాటే. మిగతాది జంతువుల నుంచి వచ్చే తిండిలోనే దొరుకుతుంది. గుడ్డు, పాలు, చేప, మాంసం, కాలేయం. ఆకుకూరలో బి12 ఉండదు, పప్పులో ఉండదు.

సరిగ్గా ఇక్కడే పథ్యం అడ్డుపడుతుంది. 'పప్పు తింటే కుట్లు చీము పడతాయి, గుడ్డు వేడి చేస్తుంది, నీచు తగలకూడదు, నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు నాని ఊడతాయి' అని పెద్దవాళ్లు అంటారు. కోడలి మీద కోపంతో అనే మాటలు కావు ఇవి, భయంతో అనే మాటలు. యాంటీబయాటిక్ లేని రోజుల్లో చీము పట్టిందంటే మనిషి పోయినట్టే. అయితే చీము పట్టించేది సూక్ష్మక్రిమి. మురికి గుడ్డ, కడగని చేతులు, తడి ఆరని కుట్లు దానికి దారి. గాయం పూడటానికి ఒళ్లు కొత్త కణజాలం నేసుకోవాలి, దానికి ప్రోటీన్ దారం లాంటిది, విటమిన్ సి సూది లాంటిది. ఈ రెండూ తగ్గితే గాయం ఆలస్యంగా మానుతుంది, ఆలస్యమైన గాయానికే చీము పట్టే అవకాశం ఎక్కువ. పప్పు మాన్పిస్తే చీము రాదనుకోవడం తలకిందుల లెక్క. నీళ్లు తగ్గిస్తే పాలూ తగ్గవచ్చు, మలబద్ధకం పట్టుకుంటుంది, ముక్కినప్పుడల్లా కుట్లు లాగుతాయి.

అన్నట్టు ఈ 'నీచు' అన్న మాట. చేప వాసన నుంచి పుట్టిన మాటే కావచ్చు. కానీ మనం తినే తిండిని ఆ పేరుతో పిలిచి, అది తినే మనుషులను కూడా అదే గాటన కట్టిన సమాజంలో ఉంటున్నాం కాబట్టి వినగానే గుచ్చుకుంటుంది. ఆస్పత్రిలో 'నీచు తినొద్దు' అని ఎవరైనా అంటే, 'వైద్యం ప్రకారమా, ఆచారం ప్రకారమా?' అని అడగడం మన హక్కు. గొడ్డుమాంసం సంగతీ అంతే. వంద గ్రాముల పచ్చిమాంసంలో 20 గ్రాములకు పైగా ప్రోటీన్, ఒక రోజుకు దాదాపు సరిపడా బి12, పైగా ఆకుకూరలోని ఇనుము కంటే తేలిగ్గా ఒంటికి పట్టే ఇనుము ఉంటాయి. రాష్ట్రంలో 1977 చట్టం ఆవును, పెయ్యను వధించడాన్ని నిషేధించింది. పనికి రానివని ధ్రువీకరణ ఉన్న ఎద్దులు, గేదెల విషయంలో అలాంటి నిషేధం లేదు. చట్టం అనుమతించినదాన్ని కూడా దాచుకుని తినాల్సి రావడం ఒక పోషకాహార సమస్య. ఏ డైట్ చార్టులోనూ అది కనబడదు.

అసలు పళ్లెం సంగతి. సంతలో దొరికేవాటితో 63 దాటొచ్చు. రోజు మొత్తానికి 300 గ్రాముల బియ్యం వండితే 24 గ్రాములు. ఒక గుప్పెడు కందిపప్పు, అంటే 50 గ్రాములు, 11 ఇస్తుంది. అంతే ఉలవలు చారు కాచి, ఉడికిన గింజ కూడా తింటే ఇంకో 11. చారు మాత్రమే తాగి గింజను పశువుకు పెడితే చాలా ప్రోటీన్ పశువుకే పోయినట్టు. రెండు గుడ్లు 12. ఎండు నెత్తళ్లలో బరువులో సగానికి పైగా ప్రోటీనే, 20 గ్రాములు వేయించుకున్నా 10 దాకా వస్తుంది, ముళ్లతో తింటే కాల్షియం అదనం. బీపీ ఉన్నవాళ్లు వేడినీళ్లలో రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించాలి. మొత్తం 68. చోడి అంబలి దీనిపైన. వంద గ్రాముల చోడిపిండిలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి పదో వంతు కూడా ఉండదు. చిన్న వయసులో గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేయించుకున్న ఆడవాళ్లకు ఎముకలు త్వరగా గుల్లబారతాయి, వాళ్లు చోడి మానకూడదు. మునగాకు, తోటకూర, ఉసిరికాయ చెట్టు నుంచీ పెరటి నుంచీ వచ్చేవే.

బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లకు ఇదే పళ్లెం తిరగేసి వడ్డించాలి. గుడ్డు, చేప ముందు, మెత్తగా ఉడికిన పప్పు తర్వాత, చోటుంటేనే అన్నం. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. పీచు ఎక్కువున్న ఉలవ గింజ మొదటి వారాల్లో వద్దు.

ఈ లెక్క కాగితం మీద తేలికే. కొండపోడులో చోడి, సామ, కంది, ఉలవ కలిపి చల్లుకున్నన్నాళ్లూ పప్పుకు సంత మీద ఆధారపడాల్సిన పని అంతగా ఉండేది కాదు. ఆ వాలుల్లో ఇప్పుడు జీడిమామిడి పెరిగింది. డబ్బు ఏడాదికొకసారి వస్తుంది, పప్పు రోజూ కావాలి. వానాకాలం మొదట్లో ఇంట్లో గింజ అడుగంటినప్పుడు టెంకపిండి అంబలితో గడిపే ఇళ్లు ఈ కొండల్లో ఉన్నాయి. అదే కొండల్లో ఉండే దళిత కుటుంబాలకు ఇంకో మెలిక. 2006 అటవీ హక్కుల చట్టంలో ఆదివాసీ 2005 డిసెంబరు 13కు ముందు సాగు చూపిస్తే చాలు. షెడ్యూల్డు కులాలవాళ్లు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. నేల లేని ఇంట్లో ఉలవ గింజ ఎక్కడి నుంచి వస్తుంది?

అడిగి తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రభుత్వాస్పత్రిలో కాన్పయితే ఉచిత భోజనం హక్కు, 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం మామూలు కాన్పుకు మూడు రోజులు, కోతకు ఏడు రోజులు. అంగన్‌వాడీ గుడ్డు పాలిచ్చే తల్లికి కూడా వస్తుంది, ఇంటికి తెస్తే అది నలుగురు పిల్లలకు నాలుగు ముక్కలవుతుంది కాబట్టి వీలైతే అక్కడే తినేయడం మేలు. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో మొదలైంది. మీకు ఆపరేషన్ అయితే అలాంటి సాయం ఇప్పుడు ఏముందో డిశ్చార్జి అయ్యేలోపే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఇంటికొచ్చాక అడగడానికి మళ్లీ డోలీ కట్టాలి.

ఇనుము మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి. ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటలు తేడా ఉంచాలి. పట్నం కాగితంలోనూ ఇదే రాస్తారు. ఇనుము మాత్ర వేసుకున్నాక టీ తాగొద్దు, నిమ్మరసం తాగితే మంచిది. దొడ్డికి నల్లగా వెళ్తే భయపడి ఆపేయొద్దు. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పటికే వాళ్లలో చాలామందికి రక్తం తక్కువ.

ఒక్క హెచ్చరిక. తూర్పు కనుమల ఆదివాసీల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఆ జబ్బున్నవాళ్లకు, ముఖ్యంగా తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు, ఒంట్లో ఇనుము మితిమీరే ప్రమాదముంది. ఎర్రమాత్రలు నెలల తరబడి వేసుకుంటున్నా రక్తం పెరగకపోతే, కీళ్లలో విపరీతంగా నొప్పి వస్తుంటే, కళ్లు పచ్చబడుతుంటే ఇంకో అట్ట మాత్రలు తీసుకుని ఊరుకోకండి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్ష ఉచితం. ఊరికి ఏఎన్‌ఎం వచ్చినప్పుడు ఆ పరీక్ష పేరు చెప్పి అడగండి, కార్డు మీద ఫలితం రాయించుకోండి.