సుదూర బాంబర్ల స్థావరం ఖరగ్‌పూర్.. మామునూరుకు ఒక పాఠం

మరిపెడ: మరిపెడ నుంచి తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా వరంగల్ వెళ్లే ప్రయాణికులకు నగరం సమీపిస్తుండగా మామునూరు విమానాశ్రయ స్థలం తారసపడుతుంది. నిజాం కాలంలో, 1930 ప్రాంతంలో ఏర్పడిన ఈ విమానాశ్రయం దశాబ్దాల పాటు నిరుపయోగంగా పడి ఉంది. దీని పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇవ్వడంతో పాత కథలు మళ్లీ ప్రచారంలోకి వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి నుంచి పెద్ద బాంబర్లు ఎగిరేవా అన్న ప్రశ్న వాటిలో ఒకటి. సుదూర బాంబర్లైన బి-29 దళాలకు కేటాయించిన స్థావరాల్లో మామునూరు లేదు. ఆ స్థావరాలు బెంగాల్, బీహార్ సరిహద్దుల్లో, తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ చుట్టూ వెలిశాయి. ఆ చరిత్ర నేటి మామునూరుకు కూడా కొంత వర్తిస్తుంది.

నిజాం ఇచ్చిన బాంబర్లు

సుదూర బాంబర్లతో మన ప్రాంతపు సంబంధం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఎ రకం బాంబర్లను సమకూర్చినది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుకే దానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అన్న పేరు స్థిరపడింది. 1918 సెప్టెంబరులో ఈ దళం ఫ్రాన్స్‌లోని బెటన్‌కూర్ మైదానానికి చేరి జర్మనీ నగరాలపై దాడుల్లో పాల్గొంది. అప్పట్లో ఒక ఇంజను, ఇద్దరు మనుషులు గల విమానమే సుదూర బాంబరు. దానికి గడ్డి మైదానం సరిపోయేది.

పాతికేళ్లలో పరిస్థితి పూర్తిగా మారిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేయడంతో యుద్ధం తెలుగు తీరానికే వచ్చింది. జపాన్‌ను దాని సొంత గడ్డపైనే దెబ్బతీయాలని అమెరికా నిశ్చయించింది. అందుకు ఎంచుకున్న ఆయుధం బి-29.

ఖరగ్‌పూరే ఎందుకు?

నాలుగు ఇంజన్లు, 43 మీటర్ల రెక్కల విస్తీర్ణం, పదకొండు మంది సిబ్బంది గల బి-29 పూర్తి బరువుతో సుమారు 60 టన్నులు తూగేది. అది పైకి లేవడానికి 7,500 అడుగుల, అంటే దాదాపు 2.3 కిలోమీటర్ల గట్టి రన్‌వే అవసరమైంది. దానితో పాటు ఓడరేవు, రైలు మార్గం, ఇంధన సరఫరా దగ్గరలో ఉండాలి. కలకత్తా రేవుకు చేరువలో ఉండి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు పెద్ద కూడలి అయిన ఖరగ్‌పూర్ ఈ అవసరాలన్నింటినీ తీర్చింది.

ఈ రైల్వే వాల్తేరు వరకు విస్తరించి ఉండటంతో ఉత్తరాంధ్ర నుంచి వేలాది కుటుంబాలు వర్క్‌షాపు పనుల కోసం ఖరగ్‌పూర్ చేరాయి. నేటికీ ఆ పట్టణంలో తెలుగు వినిపించని వీధి అరుదు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఈ రైల్వే కార్మికుల నాయకుడిగా 1928 సమ్మెను నడిపించిన విషయం పేర్కొనదగినది.

ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దుధ్‌కుండి మైదానాలను బి-29ల కోసం సిద్ధం చేశారు. అమెరికా ఇంజినీరింగ్ దళాలతో పాటు వేలాది భారతీయ కూలీలు ఈ పనుల్లో చెమటోడ్చారు. భారత రక్షణ నిబంధనల కింద కావలసిన స్థలాలను స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఉండేది. 1942 తుపాను, 1943 కరవు పీడించిన మిడ్నపూర్ జిల్లాలోనే ఈ నిర్మాణాలు చాలావరకు సాగాయి. యుద్ధం ముందు రైతు మాటకు విలువ ఎంత ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

దళం ప్రధాన కార్యాలయం హిజ్లీలోని నిర్బంధ శిబిర భవనంలో ఏర్పాటైంది. స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన ఈ శిబిరంలోనే 1931 సెప్టెంబరు 16న జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు.

పెట్రోలు మోయడానికే బాంబర్లు

కాన్సాస్ నుంచి బయలుదేరిన బి-29లు మొరాకో, ఈజిప్టు, కరాచీల మీదుగా వచ్చాయి. తొలి విమానం 1944 ఏప్రిల్ 2న చాకులియాలో దిగింది. వేసవి వేడికి ఇంజన్లు మితిమీరి కాగిపోయేవి. పగటిపూట లోహపు రేకును ముట్టుకుంటే చేయి కాలేది. మరమ్మతులు తెల్లవారుజామున, రాత్రివేళల్లో చేయవలసి వచ్చేది.

అసలు చిక్కు దూరంతో వచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి నేరుగా జపాన్‌ను చేరి తిరిగి రావడం బి-29కి కూడా సాధ్యం కాదు. అందువల్ల చైనాలోని చెంగ్డూ పరిసరాల్లో మరో నాలుగు మైదానాలను సిద్ధం చేశారు. మూడు లక్షలకు పైగా చైనా గ్రామీణులు చేతులతో రాళ్లు కొట్టి, రోలర్లు లాగి వాటిని నిర్మించారు. అక్కడికి ప్రతి చుక్క పెట్రోలూ, ప్రతి బాంబూ హిమాలయాల మీదుగా సుమారు 1,900 కిలోమీటర్లు విమానాల్లోనే వెళ్లాలి. జపాన్‌పై ఒక్కసారి దాడి చేయడానికి ముందు అదే బాంబరు పర్వతాలు దాటి అనేకసార్లు ఇంధనం మోయవలసి వచ్చేది.

1944 జూన్ 5న ఖరగ్‌పూర్ పరిసర స్థావరాల నుంచి 98 విమానాలు బ్యాంకాక్ రైల్వే వర్క్‌షాపులపై తొలి దాడికి లేచాయి. అయిదు విమానాలు నష్టమయ్యాయి. వాటిలో ఏ ఒక్కటీ శత్రువు కాల్పులకు కూలినది కాదు. జూన్ 15న చెంగ్డూ నుంచి 68 విమానాలు జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారంపైకి బయలుదేరగా 47 మాత్రమే లక్ష్యంపై బాంబులు వేయగలిగాయి. కర్మాగారానికి చెప్పుకోదగ్గ నష్టం కలుగలేదు. ఆగస్టు చివర జనరల్ కర్టిస్ లెమే పగ్గాలు చేపట్టి శిక్షణను కఠినతరం చేశారు. నవంబరు 5న సింగపూర్ నౌకా మరమ్మతు రేవుపై జరిగిన దాడి విజయవంతమైంది.

ఏడాదికే ఖాళీ

ఇంతలో పసిఫిక్ సముద్రంలోని సైపాన్, టినియన్ దీవులు అమెరికా చేతికి వచ్చాయి. అక్కడికి ఓడల్లోనే ఇంధనం చేరుతుంది, జపాన్‌కు నేరుగా ఎగిరి రావచ్చు. దాంతో హిమాలయాలు దాటి పెట్రోలు మోయడం అర్థరహితమైంది. 1945 జనవరిలో చైనా మైదానాల నుంచి దాడులు నిలిచిపోయాయి. మార్చి చివర సింగపూర్ పరిసరాలపై ఆఖరి దాడి జరిపి బి-29లు బెంగాల్‌ను వదిలాయి. మొదటి విమానం దిగిన నాటి నుంచి లెక్కిస్తే పట్టుమని ఏడాది.

ఆ తరువాత ఒక్కో స్థలానిదీ ఒక్కో కథ. హిజ్లీ శిబిరం 1950లో తొలి ఐఐటీకి నివాసమైంది. నాటి నిర్బంధ భవనంలో నేడు సైన్స్ మ్యూజియం ఉంది. ఖరగ్‌పూర్ సమీపంలోని కలైకుండ వాయుసేన స్థావరంగా కొనసాగుతోంది. చాకులియా, పియార్‌డోబా వంటి చోట్ల మాత్రం రెండు కిలోమీటర్లు దాటిన రన్‌వేలు పొదల మధ్య మిగిలిపోయాయి.

మామునూరుకు ఏం చెబుతోంది?

మామునూరులో విమానాశ్రయ ప్రాధికార సంస్థ చేతిలో 696 ఎకరాలు ఉండగా, రన్‌వే పొడిగింపు తదితర అవసరాలకు మరో 280 ఎకరాలు కావాలని నిర్ణయించారు. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో రూ.205 కోట్లు మంజూరు చేసింది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న ఒప్పంద నిబంధన విషయంలో నిర్వాహక సంస్థ అంగీకారం తెలపడంతో ప్రధాన అడ్డంకి తొలగింది. ప్రతిపాదిత రన్‌వే సుమారు 2.8 కిలోమీటర్లు. నాడు 60 టన్నుల బాంబరుకు వేసిన దానికన్నా ఇది పొడవైనది.

నక్కలపల్లి, గుంటూరుపల్లి వంటి గ్రామాల రైతులకు ఇది సాగుభూమితో ముడిపడిన విషయం. యుద్ధకాలపు రైతుకు లేని రక్షణ నేటి రైతుకు 2013 భూసేకరణ చట్టం రూపంలో ఉంది. న్యాయమైన పరిహారం, పునరావాసం అందులో హక్కులుగా ఉన్నాయి. అయితే పరిహారం ఎంత అన్న ప్రశ్నతో పాటు మరొక ప్రశ్న కూడా అడగవలసి ఉంది. ఇక్కడికి ఏ విమానాలు వస్తాయి, ఎందరు ఎక్కుతారు, ఏ సరకు పోతుంది?

ఖరగ్‌పూర్ చుట్టూ రన్‌వేలు పాడుపడటానికి కారణం నాసిరకం నిర్మాణం కాదు. వాటికి పని లేకపోవడం. మామునూరు కూడా ఒకసారి ఆ దశను చూసినదే. మిర్చి, పత్తి పండించే ఈ ప్రాంతం, చేరువలోని జౌళి పార్కు, వరంగల్ విద్యాసంస్థలు కొత్త విమానాశ్రయానికి ఆ పని కల్పించగలిగితేనే రైతు వదులుకున్న ఎకరానికి సార్థకత చేకూరుతుంది.