తూనీగ కంటికి కారే చెరువు

వానలు తగ్గుముఖం పట్టాయంటే ఖరగ్‌పూర్‌లో తూనీగలు గుంపులుగా తిరుగుతాయి. మొన్న సెప్టెంబరులో మా శాఖ ముందు నిలిపిన నా నల్ల కారు బానెట్ మీద ఒక తూనీగ పదే పదే తోక తాకించి లేస్తోంది. ఇక్కడి రైల్వేలో పనిచేసి స్థిరపడిన శ్రీకాకుళం పెద్దాయన ఒకరు పింఛను కోసం వచ్చి, అది చూసి నవ్వారు. "మీ కారుని చెరువనుకుంటంది బాబూ, గుడ్లు పెడతంది" అన్నారు.

ఆయన అన్నది నిజమే. కారణం దాని కంటిలో ఉంది.

తూనీగది సంయుక్త నేత్రం. ఒక్కో కంటిలో సుమారు 30 వేల వరకు చిన్న చిన్న కటకాలుంటాయి. సినిమాల్లో చూపించినట్టు ఒకే బొమ్మ వేలసార్లు కనబడదు. ఒక్కో కటకం ఎదుటి దృశ్యంలో ఒక చుక్కను పట్టుకుంటుంది. చుక్కలన్నీ కలిస్తే ముగ్గు అయినట్టు, అవన్నీ కలిసి ఒకే దృశ్యమవుతుంది. మన కంటితో పోలిస్తే ఆ చుక్కలు తక్కువ కాబట్టి కీటకాల చూపు మసకే.

అయితే వేగంలో మనం వాటికి సాటిరాము. పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. మనకది నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. ఈగ మాత్రం సెకనుకు 200కు పైగా మినుకులను విడివిడిగా చూడగలదు. మనం చెయ్యి ఎత్తగానే అది తప్పించుకునేది అందుకే.

తూనీగకు ఇంకో శక్తి ఉంది. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురులో కాంతి తరంగాలు ఎక్కువగా అడ్డంగా, ఒకే దిశలో కంపిస్తాయి. దీన్ని ధ్రువిత కాంతి అంటారు. మనకు ఆ తేడా తెలియదు. తూనీగకు మాత్రం నీటిని పోల్చుకునే ఆనవాలు అదే. నున్నగా మెరిసే కారు పైభాగమూ అలాంటి వెలుతురునే పంపుతుంది. నీటి కీటకాలను ఎరుపు, నలుపు కార్ల రంగులే ఎక్కువగా ఆకర్షిస్తాయని హంగరీ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు.

కాలిన రేకు మీద పెట్టిన గుడ్లు పొదగవు. నష్టం తూనీగదే కాదు, మనది కూడా. వాటి లార్వాలు నీటిలో దోమ లార్వాలను తిని పెరుగుతాయి.

ఇప్పుడు కారు మీద మెరుపులేని గుడ్డ కవరు కప్పుతున్నాను. మరుసటి నెల వచ్చిన పెద్దాయన దాన్ని చూసి, "మంచి పని చేశారు బాబూ, ఇంక చెరువుకే పోతాది" అన్నారు.