తెలుగు చలనచిత్రములలో హాస్యానుకృతి: మూలస్మృతి సమస్య

పేరడీ యను పదమునకు తెలుగున స్థిరమైన పర్యాయపదము నేటికిని కుదురుకొనలేదు. వ్యంగ్యానుకరణమనియు, వికటానుకరణమనియు, అధిక్షేపానుకృతి యనియు పలువురు పలు విధముల వ్యవహరించుచున్నారు. ఈ వ్యాసమున హాస్యానుకృతి యను పదమును గ్రహించితిని. దానికి కారణము కలదు. శృంగారమునకు అనుకృతియే హాస్యమని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పియున్నాడు. అభినవగుప్తుడు దానిని విస్తరించి, ఏ రసమైనను అనుచితముగా ప్రవర్తించి ఆభాసమైనప్పుడు హాస్యమునకు హేతువగునని వ్యాఖ్యానించెను. కావున అనుకృతికిని హాస్యమునకును గల చుట్టరికము పాశ్చాత్యులు మనకు నేర్పినది కాదు. ఇక పేరడీ యనుదానికి గ్రీకు మూలమునుబట్టి చెప్పవలెనన్నచో, పాట ప్రక్కన పాడిన పాట యని అర్థము. రెండవ పాట నవ్వు పుట్టింపవలెనన్న మొదటి పాట శ్రోత చెవిలో అంతకుముందే మ్రోగుచుండవలెను. అది చెవినుండి జారిపోయిననాడు రెండవదాని గతి యేమి? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు ప్రాతిపదిక.

మూలస్మృతి తొలుత పరీక్షకు వచ్చు స్థలము బడి. శతకపద్యములను వల్లెవేయించు తరగతిగదిలోనే వాని అనుకృతులును పుట్టుచున్నవి. వేమన పద్యములకు బడిపిల్లలు అల్లిన హాస్యానుకృతులు నోటినుండి నోటికి నడచుచునే యున్నవి. ఉపాధ్యాయులలో వానిని విననివారు అరుదు. ఆటవెలది నడకను, కొసనున్న మకుటమును చెడనీయక నిలిపి, నడుమనున్న నీతిని తీసివేసి ఆ తావున పరీక్షనో, పలహారమునో, లెక్కల మాస్టారినో కూర్చుండబెట్టుట ఆ బాలకవుల పద్ధతి. నడక తప్పినచో నవ్వు పండదను రహస్యము ఏ లక్షణగ్రంథమును చదువకయే వారికి తెలిసియున్నది. ముద్రికను చూపి దుష్యంతునికి శకుంతలను గుర్తు చేసినట్లు, మకుటమును చూపి మూలమును గుర్తు చేయుదురు. పద్యము కంఠస్థమైయున్నంత కాలము వీరికి లోటు లేదు. వల్లెవేయుట బడులనుండి తొలగినకొలది ఈ వినోదమును సన్నగిల్లుట సహజము. ఇది విద్యావిధానమునుగూర్చి నేను చేయు ఫిర్యాదు కాదు. అనుకృతి మూలమును ఆశ్రయించి బ్రతుకు తీగ యని చెప్పుటయే.

సాహిత్యమున ఈ విద్యకు ఆచార్యపీఠము జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914-1968) ది. జరుక్ శాస్త్రిగా ప్రసిద్ధుడైన ఆయన శ్రీశ్రీ మొదలగు సమకాలిక కవుల గొంతులను పట్టి చూపెను. శ్రీశ్రీ మహాప్రస్థానము 1950 లో గ్రంథరూపమున వెలువడినది. నాటినుండి నేటివరకును విద్యార్థుల నాలుకపై నిలిచియే యున్నది. జరుక్ శాస్త్రి అనుకృతులు నేటికిని నవ్వించుటకు ఆయన ప్రతిభతోపాటు శ్రీశ్రీ దీర్ఘాయువును కారణమే. మూలమును ప్రేమింపనివాడు దాని శ్వాసను ఇంత చక్కగా పట్టలేడు.

చలనచిత్రమునకు వచ్చుసరికి బడిపద్యము చేసిన పనిని సినిమా పాటయు, సంభాషణయు చేయుచున్నవి. నేటి బాలునకు శతకముకంటె చిత్రములోని మాట ముందుగా కంఠస్థమగును. పరిశ్రమ మద్రాసునుండి క్రమక్రమముగా హైదరాబాదునకు తరలివచ్చి, జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములందు స్థిరపడిన తరువాత ఒక విశేషము సంభవించినది. నాయకులను సృష్టించువారు, ఆ నాయకులను పరిహసించు హాస్యనటులు, అవకాశమునకై యెదురుచూచుచు కృష్ణానగరులో అద్దెగదులలో నుండు కళాకారులు, అందఱును కొలది మైళ్ళ లోపలివారే యైరి. తోలుబొమ్మలాటలో రామాయణము నడుమ కేతిగాడు తెరపైకి దూకి కథను కొంతసేపు ఆపి నవ్వించిపోవును గదా! ఫిల్మ్ నగరు హాస్యనటునిది ఆ కేతిగాని పీఠమే. అయితే కేతిగాడు రాముని అవకాశమునకై ఎదురుచూడనక్కఱలేదు. ఇచట నేడు పరిహసించిన నాయకుని చిత్రమునందే రేపు వేషము దొరకవలెను. మన చలనచిత్రములందు అనుకృతి తఱచుగా వాడిగా నుండక ముద్దుగా నుండుటకు ఈ ఇరుగుపొరుగుతనమే ముఖ్యకారణమని నా అభిప్రాయము.

జంధ్యాల చిత్రములను ముందు చూడవలెను. శ్రీవారికి ప్రేమలేఖ (1984) లో శ్రీలక్ష్మి ధరించిన గృహిణి పాత్ర చూచివచ్చిన సినిమాను మొదటి అక్షరములనుండి వాద్యధ్వనులతో సహా ఇంటివారికి వినిపించును. చంటబ్బాయి (1986) లో ఆమెయే కవయిత్రియై పత్రికా సంపాదకుని తన కవితలతో వేధించును. మొదటిదానిలో సినిమాకథనమును, రెండవదానిలో వచనకవితను జంధ్యాల అనుకరించెను. ఈ రెంటిలోను ఏ ఒక్క చిత్రమును గాని, ఏ ఒక్క కవిని గాని ప్రేక్షకుడు ఎఱుగనక్కఱలేదు. సినిమా కథ చెప్పువారు ప్రతి ఇంటను ఉందురు. అచ్చునకై కవిత పంపువారు ప్రతి ఊరను ఉందురు. మూలము ఒక కృతి కాక ఒక అలవాటైనందున నలువది యేండ్లు గడచినను ఆ నవ్వు వాడలేదు.

శ్రీను వైట్ల చిత్రములలో దీనికి భిన్నమైన మార్గము కనిపించును. దుబాయ్ శీను (2007) లో ఎమ్మెస్ నారాయణ తారాబిరుదుగల నటునిగాను, దూకుడు (2011) లో నటుడు కావలెనని తపించువానిగాను కనిపించి, నాడు ఆడుచున్న చిత్రములందలి ఘట్టములను తన బక్కదేహముపై మోసెను. ఆయన నటన అసాధారణము. కాని ఆ ఘట్టములను చూడని నేటి పదునైదేండ్ల బాలునకు అందు సగము అర్థము కాదు. మిగిలిన సగము ఆ నటుని ముఖమునందున్నది.

ఈ విషయమున విద్యార్థులు నిశితముగా పరిశీలింపదగిన చిత్రము భీమనేని శ్రీనివాసరావు దర్శకత్వమున అల్లరి నరేశ్ నటించిన సుడిగాడు (2012). దీనికి మూలము 2010 లో వచ్చిన తమిళ్ పడమ్ అను తమిళచిత్రము. కథాచిత్రమును ఒక భాషనుండి మఱియొక భాషలోనికి తెచ్చుట మనకు క్రొత్త కాదు. కాని హాస్యానుకృతిని అట్లు తేవచ్చునా? తమిళ ప్రేక్షకుని స్మృతిలోనున్న చిత్రములను పరిహసించు ఘట్టమును ఉన్నదున్నట్లు తెలుగున పలికించినచో నవ్వు రాదు. కావున చట్రమును మాత్రము నిలిపి, దానిలో తెలుగు చిత్రములను క్రొత్తగా పొదుగవలసి వచ్చినది. అనువాదము కాక పునఃకల్పనమే శరణ్యమైనది. శ్లేషకావ్యమును అనువదించువానికి ఎదురగు కష్టమువంటిదే ఇదియు. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి ఏ ఘట్టము నిలిచినది, ఏది మాఱినది యని పట్టిక వేసినచో, రెండు భాషల ప్రేక్షకులకు ఉమ్మడియైన స్మృతి యెంతయో తేలును. ఏ తులనాత్మక సాహిత్య పరిశోధనకును ఇది తీసిపోదు.

సుడిగాడులో తిక్కల్‌రెడ్డి పాత్రను ధరించినది జయప్రకాశ్ రెడ్డి. సమరసింహారెడ్డి (1999) లో ప్రతినాయకుడై ప్రేక్షకులను భయపెట్టినదియు ఆయనయే. ఆ చిత్రముతో మొదలై నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002), ఆది (2002) మున్నగు చిత్రములతో ముఠాకక్షల కథ ఒక స్థిరమైన ఫక్కి యైనది: తొడ చరచుట, వాహనములు గాలిలోనికి ఎగురుట, రాయలసీమ మాండలికమున బెదరింపు. పదుమూడేండ్లు గడచునప్పటికి ఆ నటుడే, ఆ యాసయే, ఆ గర్జనయే నవ్వునకు సాధనమైనవి. రౌద్రము ఆభాసమై హాస్యముగా మాఱుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. పరిహాసము ముఠాచిత్రముల ఫక్కి పైననా, రాయలసీమవారి మాట పైననా? మొదట భయమునకు గుర్తుగాను, తరువాత నవ్వునకు గుర్తుగాను ఒక ప్రాంతపు పలుకుబడిని వాడినప్పుడు ఆ ప్రాంతపు బాలుడు హైదరాబాదు కళాశాలలో నోరు విప్పుటకు జంకును. తెలంగాణపు మాటను రౌడీలకును, హాస్యగాండ్రకును కట్టబెట్టినారను ఆవేదన ఎంత బలమైనదో అందఱును ఎఱిగినదే. ఫిదా (2017) లో కథానాయికయే ఆ మాట మాటాడుట, బలగం (2023) ఆ పలుకుబడితోనే ఇంటింటిని ఏడిపించుట ఆ బాకీని కొంత తీర్చినవి. నేను పెట్టుకొన్న గీటురాయి ఇది: అనుకృతి కృతికి కావలెను గాని పుట్టుకకు కారాదు. ఒకడు రచించినది, ఒకడు ఎన్నుకొన్నది, ఒకడు బిరుదుగా ధరించినది పరిహాసమునకు అర్హము. మాండలికము, దేహము, వర్ణము, స్త్రీత్వము అట్టివి కావు. ఈటీవీలో 2013 లో ప్రారంభమైన జబర్దస్త్ కార్యక్రమమున చలనచిత్ర ఘట్టములను చతురముగా మలచిన తునకలు పెక్కు కలవు. పురుషులు స్త్రీవేషము ధరించుటయే నవ్వుగా చెల్లిన తునకలును కొల్లలు. రెంటిని ఒక్క పేరున పిలుచుట తగదు.

బిరుదులను గూర్చిన పరిహాసమునకు హృదయ కాలేయం (2014) ను చూపవచ్చును. శీర్షికనే గమనింపుడు. హృదయము కవులది, కాలేయము వైద్యులది. రెండును దేహాంగములే యైనను ఒకదాని ప్రక్కన మఱియొకదానిని నిలిపిన క్షణముననే వందలకొలది ప్రేమచిత్రముల శీర్షికలు కూలిపోవును. కథానాయకుడు సంపూర్ణేష్ బాబుకు బర్నింగ్ స్టార్ అను బిరుదము చిత్రము విడుదల కాకమునుపే సిద్ధమైయున్నది. సామాజిక మాధ్యమములలో అతని చిత్రపటమునకు వచ్చిన ప్రచారము, రాజమౌళి ట్విట్టర్‌లో దానిని ప్రస్తావించుట, ఇవన్నియు చిత్రమునకు వెలుపల నడచిన చిత్రమే. స్టీవెన్ శంకర్ అను మాఱుపేరున దానికి దర్శకత్వము వహించిన సాయి రాజేశ్, తరువాత కలర్ ఫోటో (2020) కు కథ వ్రాసెను, బేబీ (2023) కి దర్శకుడయ్యెను. ప్రేమకథల ఫక్కిని విప్పి చూపినవాడు ఆ ప్రేమకథనే మరల నిష్ఠతో వ్రాయుటలో వైరుధ్యము లేదు. గడియారమును విప్పినవానికే దానిని నడపుట తెలియును.

బడి, ఇల్లు ప్రధానముగా గల హాస్యధారావాహికలలో 2024 జనవరిలో ఈటీవీ విన్ వేదికపై వెలువడిన నైన్టీస్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్ ప్రత్యేకముగా చర్చింపదగినది. ఆదిత్య హాసన్ దీనికి దర్శకుడు. ప్రభుత్వపాఠశాలలో లెక్కలు చెప్పు తండ్రి, ఇల్లు నడపు తల్లి, మార్కుల భయమున పెరుగు ముగ్గురు పిల్లలు, ఇంతే కథాసామగ్రి. శీర్షికలోని బయోపిక్ అను మాటలో ప్రచ్ఛన్నమైన అనుకృతి కలదు. మహానటి (2018), యన్.టి.ఆర్: కథానాయకుడు (2019), యాత్ర (2019) వరుసగా వచ్చి, ఆ మాటను మహనీయుల జీవితకథలకు పట్టముగట్టినవి. ఆ పట్టమును తెచ్చి జీతపురాళ్ళు లెక్కించుకొను పంతులుగారి ఇంటికి కట్టుట ఒక విధమైన అధమవస్తూదాత్తీకరణము. పెద్దమాటను చిన్నవస్తువునకు తొడిగినచో సాధారణముగా చిన్నవస్తువు నవ్వులపాలగును. ఇచట చిన్నవస్తువే గౌరవమును పొందినది, పెద్దమాటయే కొంచెము సిగ్గుపడినది. పరీక్ష తప్పి మరల శిక్షణకు పోవు బాలుని కథయైన లిటిల్ హార్ట్స్ (2025) ను ఈ ధారావాహికలో పెద్దకొడుకు పాత్ర వేసిన మౌళియే నడపినాడు.

ఇట్టి గృహకథలలో పందొమ్మిదివందల తొంబదుల వస్తువులును, ప్రకటనలును, పాటలును తెరమీద కనిపించినప్పుడు నలువది దాటినవారు కన్నీటితో నవ్వుదురు. వారి పిల్లలు ఆ ముఖములను చూచి నవ్వుదురు. అది ప్రస్తావనమే గాని అనుకృతి కాదు. మూలమును తలపించి విడిచిపెట్టును, మార్చదు. రెంటికిని భేదమును పరిశోధకుడు మఱవరాదు. ప్రస్తావనకు ఆయుర్దాయము ఇంకను తక్కువ.

సెర్వాంటిస్ డాన్ క్విక్సోట్ (1605, 1615) స్పెయిను దేశపు వీరగాథలను పరిహసించినది. ఆ వీరగాథలను నేడు చదువువారు అరుదు. పరిహాసము మాత్రము బ్రతికియున్నది. ఏలయన ఆ గాథల స్వభావమంతయు ఆ గ్రంథములోనే, నాయకుని పిచ్చి రూపమున, ఇమిడియున్నది. పాఠకుడు మూలమును బయట వెదకనక్కఱలేదు. శ్రీలక్ష్మి సినిమా చెప్పు ఘట్టము ఈ జాతిది. సుడిగాడులో ఫక్కిని పట్టిన భాగములు ఈ జాతివి, ఒకానొక చిత్రపు ఒకానొక మాటను పట్టిన భాగములు కావు.

రెండవ జాతిదానికి వ్యాఖ్యానము తప్ప గత్యంతరము లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యములను సేకరించినప్పుడు పద్యముతోపాటు సందర్భకథనుకూడ భద్రపఱచెను. సందర్భము పోయిన చాటువు పొడుపుకథ యగును. చిత్రములందలి అనుకృతులకు ఆ సేకరణ ఎవరును చేయుచున్నట్లు కానరాదు. ఏ ఘట్టము ఏ చిత్రమునుండి వచ్చినది, అది ఏ సంవత్సరమున ఆడినది, నాటి ప్రేక్షకులు ఎచట నవ్విరి అను మూడు సంగతులు వ్రాసియుంచిన చాలును. చిత్రశాలలో తొలినాటి ఆట చూచినవారు ఇంకను మన నడుమ నున్నారు; రచయితలును, సహాయదర్శకులును కృష్ణానగరులోను, ఫిల్మ్ నగరులోను అందుబాటున నున్నారు. 1957 నాటి మాయాబజార్‌లో సావిత్రి శశిరేఖ రూపముననున్న ఘటోత్కచునిగా నడచినప్పుడు తాము ఎస్వీ రంగారావు నడకను గుర్తుపట్టి ఎట్లు నవ్వితిమో చెప్పగల పెద్దలను మొదట అడుగవలెను.