ఒక్క చేత రెండు పనులు

మా కళాశాల వాద్యబృందానికి ఉన్నది ఒకే ఒక గిటారు. కింద మంద్రమూ మోగాలి, పైన పాటా పలకాలి. రెండో గిటారు కొనే స్తోమత లేనప్పుడు ఆ రెండు పనులూ ఒక్క కుడిచేత చేయించడమే దారి. ఈ పద్ధతిని 'హైబ్రిడ్ పికింగ్' అంటారు. మా ఇంట్లో హైబ్రిడ్ అంటే మొక్కజొన్న విత్తనమే! ఇక్కడా భావం అదే, రెండు జాతులు కలపడం.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిక్ పట్టుకుంటాం. దానితో లావు తీగలను కిందికి కొట్టాలి. ఖాళీగా ఉన్న మధ్యవేలు, ఉంగరంవేలుతో సన్న తీగలను పైకి లాగాలి. 1969 నుంచి 1977 దాకా ఎల్విస్ ప్రెస్లీ వెనుక గిటారు వాయించిన జేమ్స్ బర్టన్ ఈ కిటుకుతోనే తీగల చేత కోడిపెట్టలా కొక్కొక్కో అనిపించాడు. మనకిది వింతేమీ కాదు. వీణ చూడండి. చూపుడు, మధ్యవేళ్ళు నాలుగు తీగలపై రాగం చూసుకుంటే, పక్కనున్న మూడు తాళపు తీగలనూ చిటికెనవేలు చూసుకుంటుంది. వీణపై కోయిలను కూయించిన కాకినాడ చిట్టిబాబు గారి చేతిలో ఉన్నదీ ఈ పని పంపకమే.

నేను సాధన చేస్తున్న పలుకు చిన్నది. మూడో తీగను షడ్జం అనుకోండి. ఒకటి, రెండు తీగలను మూడో మెట్టు దగ్గర ఎడమచేతి చిటికెన, ఉంగరంవేళ్ళతో ముందే నొక్కి ఉంచండి. ఇక నాలుగో తీగను మెట్టు నొక్కకుండా పిక్‌తో కొడితే మంద్ర పంచమం. అది మోగుతుండగానే రెండో మెట్టు మీద ఎడమ మధ్యవేలు గట్టిగా దించితే, మళ్ళీ కొట్టకుండానే ధైవతం పలుకుతుంది. తర్వాత మూడో తీగ వట్టిగా, పిక్‌తోనే. చివరికి రెండో తీగను మధ్యవేలితో, ఒకటో తీగను ఉంగరంవేలితో ఒక్కసారే లాగాలి. మొత్తం నాలుగు దెబ్బలు, 'తకధిమి' అంత. మోహన రాగం ఛాయ తగిలిందా? స్వరాలు ఆ రాగంలోవే మరి.

అసలు చిక్కు ధ్వనిలో ఉంది. పిక్ స్వరం కణకణమంటుంది, వేలిది మెత్తగా అణిగిపోతుంది. పిక్ అంచు సన్నం, గట్టి. తీగ ఒక బిందువు దగ్గర పదునుగా వంగుతుంది, అందుచేత పై హార్మోనిక్స్ ఎక్కువగా పుడతాయి. వేలి కండ తీగను గుండ్రంగా వంచడంతో అవి తగ్గుతాయి. గోరు అంచుతో లాగితే సరిపోతుందంటారు. చెరకు జడచుట్టు వేసే రోజుల్లో నాకు గోళ్ళెక్కడివి? పొలంపని మానేదీ లేదు. "తీగలు గోకితే గానుగ తిరుగుద్దేట్రా?" అంటాడు నాన్న. అందుకని గోళ్ళకు బదులు భౌతికశాస్త్రాన్ని నమ్ముకున్నాను. తీగను సరిగ్గా మధ్యలో మీటితే సరి సంఖ్య హార్మోనిక్స్ పుట్టవు; బ్రిడ్జికి దగ్గరగా మీటేకొద్దీ పై హార్మోనిక్స్ బలపడతాయి. కాబట్టి చెయ్యి కొంచెం వెనక్కి, బ్రిడ్జివైపు జరిపాను. కొడవలి పట్టి కాయకాచిన వేలికొన కూడా కొంత గోరు పని చేస్తోంది!

నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టండి. నాలుగూ సమానంగా వినబడేదాకా వేగం పెంచవద్దు. పిక్ దొరక్కపోతే పాత ఏటీఎం కార్డు కత్తిరించుకున్నా పని జరుగుతుంది.