చూసి నేర్చుకుందాం: భవానీపూర్ చుట్టుపక్కల

కొత్త ఊరికి వెళ్తే గుడి చూస్తాం, బజారు చూస్తాం. మ్యూజియం ముందుకు వచ్చేసరికి మాత్రం "అది బాగా చదువుకున్న వాళ్ళకి, మనకేం అర్థమవుతుంది!" అనుకుని చాలామంది బయటి నుంచే తిరిగిపోతారు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగినవారు సైతం అక్కడ ఎంత నేర్చుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందుకు కలకత్తా నగరంలోని భవానీపూర్ పేటను తీసుకుందాం. (కలకత్తా పేరు 2001లో కోల్‌కతాగా మారింది.) అది బెంగాలీల పేట. అక్కడ తెలుగువారికి ఏముంటుందని మీకు అనిపించవచ్చు. చాలానే ఉంది.

భవానీపూర్‌కు దక్షిణాన కాళీఘాట్ ఉంది. అమ్మవారి దర్శనానికి వెళ్ళే మనవాళ్ళు ఈ పేట మీదుగా పోతుంటారు. దేశంలో మొదటి మెట్రో రైలు నడిచింది కూడా ఇక్కడికే. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు, సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరం, నేల లోపల రైలు నడిపారు. ఆ భవానీపూర్ స్టేషనును ఇప్పుడు నేతాజీ భవన్ అంటారు. మన ప్రయాణం అక్కడ మొదలుపెడదాం.

స్టేషనుకు దగ్గరలోనే ఎల్గిన్ రోడ్డులో సుభాష్ చంద్రబోస్ ఇల్లు ఉంది. ఆయన తండ్రి జానకీనాథ్ బోస్ 1909లో దాన్ని కట్టించారు. ఇప్పుడది మ్యూజియం. 1940 డిసెంబరులో, జైలులో నిరాహారదీక్ష చేసిన బోస్‌ను ప్రభుత్వం విడిచిపెట్టి ఈ ఇంటికి పంపింది. ఇంటి చుట్టూ పోలీసులను కాపలా పెట్టింది. 1941 జనవరి 16 రాత్రి, తెల్లవారితే 17వ తేదీ అనగా, ఆయన పఠాను వేషం వేసుకుని, మహమ్మద్ జియాఉద్దీన్ అనే పేరు పెట్టుకుని ఇంటి నుంచి బయటపడ్డారు. అన్న కొడుకు శిశిర్ కుమార్ బోస్ కారు నడిపాడు. వారు గోమో స్టేషను చేరాక బోస్ రైలెక్కి వెళ్ళిపోయారు. ఆయన ఇంట్లో లేడన్న సంగతి జనవరి 26 దాకా బయటి లోకానికి తెలియలేదు. ఆ వాండరర్ కారు నేటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఆ కథను పుస్తకంలో చదవడం ఒకటి. ఆయన గదిలోని మంచాన్ని చూసి, మెట్లు చూసి, కిందికి దిగి కారు ముందు నిలబడితే తెలిసేది మరొకటి. ఇంత చిన్న దారిలో, ఇంతమంది కళ్ళ ముందు నుంచి ఎలా వెళ్ళారా అన్న ప్రశ్న మీకే పుడుతుంది. ప్రశ్న పుట్టిందంటే మీ చదువు మొదలైనట్టే.

ఒక స్టేషను ఉత్తరంగా రవీంద్ర సదన్ ఉంది. దానికి కొంచెం పడమరగా, అందరూ పి.జి. ఆసుపత్రి అని పిలిచే పెద్దాసుపత్రి ఉంది. రోడ్డు వైపు గోడలో ఒక స్మారక ద్వారం కనిపిస్తుంది. జనం దాని పక్కనుంచే పోతుంటారు గాని ఆగి చదివేవారు తక్కువ. అది రోనాల్డ్ రాస్ అనే వైద్యుని పేర కట్టినది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆయన ఒక దోమ పొట్ట కోసి, మలేరియా క్రిమిని అందులో చూశారు. అంటే ఆ జ్వరం గుట్టు సగం మన ఊళ్ళోనే తెలిసింది. మిగిలిన సగం ఈ ఆసుపత్రిలో తేలింది. 1898లో ఇక్కడి చిన్న ప్రయోగశాలలో పక్షుల మీద పరిశోధన చేసి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని, కుట్టినప్పుడు ఒక ప్రాణి నుంచి మరొక ప్రాణికి పోతుందని రుజువు చేశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1927లో ఈ ద్వారాన్ని ఆవిష్కరించడానికి ఆయనే వచ్చారు. ఆ ప్రయోగశాల ఇక్కడికి ఎన్ని గజాల దూరంలో ఉండేదో కూడా ఫలకం మీద రాసి ఉంది. వెళ్ళినప్పుడు వెతికి చదవండి. హైదరాబాదులో ఉంటే బేగంపేటలో ఆయన పేర ఉన్న భవనాన్ని కూడా చూడండి. కథ రెండు సగాలూ చూసినవారవుతారు.

పార్కులకు పెట్టిన పేర్లు కూడా చదవదగినవే. హాజ్రా దగ్గరున్న జతిన్ దాస్ పార్కులో పిల్లలు ఆడుకుంటారు, ముసలివారు కూర్చుంటారు. ఆ పేరు గల యువకుడు, భగత్‌సింగ్ సహచరుడు, ఖైదీలను మనుషుల్లా చూడాలని లాహోరు జైలులో 63 రోజులు అన్నం మానేసి 1929 సెప్టెంబరు 13న ప్రాణం విడిచాడు. హరీశ్ పార్కు పేరు వెనుక ఒక పత్రికా సంపాదకుడు ఉన్నాడు. హరీశ్‌చంద్ర ముఖర్జీ భవానీపూర్ వాడే. నీలిమందు తోటల దొరలు రైతులను పెట్టే బాధలను తన 'హిందూ పేట్రియట్' పత్రికలో రాశాడు. మీ ఊరి పార్కుకు ఎవరి పేరు పెట్టారో మీకు తెలుసా? లేకపోతే అడిగి తెలుసుకోండి.

ఇక మైదాన్. నగరం నడుమ ఇంత ఖాళీ స్థలం ఎందుకు వదిలారని ఎవరికైనా అనిపిస్తుంది. గాలి కోసమని, అందం కోసమని కాదు. 1756లో సిరాజుద్దౌలా పాత కోటను పట్టుకున్నాక, ఇంగ్లీషువారు 1758లో కొత్త కోట మొదలుపెట్టారు. ఫిరంగి గుళ్ళకు అడ్డు లేకుండా చుట్టూ అడవిని, ఇళ్ళను తొలగించారు. యుద్ధం కోసం చేసిన ఖాళీ ఇప్పుడు మేకలకు, ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు పనికొస్తోంది. దాని దక్షిణపు కొసన 1921లో తెరిచిన విక్టోరియా మెమోరియల్ ఉంది. దాని గురించి అందరికీ తెలుసు గనుక ఎక్కువ చెప్పను.

చౌరంగీ రోడ్డులోని ఇండియన్ మ్యూజియం దగ్గర మాత్రం ఆగాలి. బెంగాలీలు దాన్ని 'జాదూఘర్' అంటారు. దారి అడిగేటప్పుడు ఆ మాట వాడండి. 1814లో మొదలైన ఈ మ్యూజియం దేశంలోనే పాతది. లోపల భర్హుత్ స్తూపపు రాతి కంచె ఉంది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దిలో చెక్కిన బొమ్మల పక్కనే, ఇది ఫలానా జాతక కథ అని బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉంది. చూసేవారికి అర్థం కావాలని పేరు రాసిపెట్టడం అంత పాత అలవాటన్నమాట!

ఇక్కడే మన అమరావతి శిల్పాలు కొన్ని ఉన్నాయి. కృష్ణ ఒడ్డున దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను ఇటుకల కోసం, రాళ్ళ కోసం తవ్వుతుండగా ఆ స్తూపం బయటపడింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్న రోజులవి. కల్నల్ కాలిన్ మెకంజీ ఆ రాళ్ళను చూసి, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. కొన్ని రాళ్ళు మచిలీపట్నం మీదుగా కలకత్తా చేరాయి. తర్వాతి కాలంలో మరెన్నో మద్రాసుకు, లండనుకు పోయాయి. ఒక్క స్తూపం, ఇన్ని చోట్ల! అవి తరలకపోతే సున్నపు బట్టీలో కాలిపోయేవని కొందరంటారు. ఊరివాళ్ళకు చూసే వీలు లేకుండా పోయింది కదా అని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఆ రాతి ముందు నిలబడి మీరే ఆలోచించండి. ఈ మెకంజీ కోసమే ఏలూరు వారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించారు. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆయన సమాధి పార్క్ స్ట్రీట్ పాత శ్మశానంలో ఉంది.

చదువుకునేవారికి ఇంకొక చోటు చెప్పాలి. అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీ. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రచురించే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి అక్కడికి పంపాలి. తెలుగు పుస్తకాలు కూడా! భవానీపూర్‌లో నివసించిన అశుతోష్ ముఖర్జీ సేకరించిన వేలాది పుస్తకాలు అక్కడే ఉన్నాయి. కలకత్తా విశ్వవిద్యాలయానికి 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను పిలిపించినవారు ఆయనే.

మ్యూజియంలకు సోమవారం సెలవు. సంచులు బయట అప్పగించవలసి రావచ్చు. ఒక్కరోజులో అన్నీ చూడాలనుకోకండి, కాళ్ళు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. నాలుగైదు వస్తువులు ఎంచుకుని, ఒక్కొక్కదాని ముందు కాసేపు నిలబడండి. లేబుళ్ళు తెలుగులో ఉండవు. అంకెలు, ఊరి పేర్లు చదవగలిగినా చాలు, మిగతాది పక్కవారిని అడగవచ్చు.

మీరు చేయవలసిన పని: మీ ఇంట్లోని పాత వస్తువు ఒకటి, తిరగలో, రోకలో, తాతగారి కావడిపెట్టెలో తీసుకోండి. అది ఎక్కడిది, దేనితో చేసినది, ఎవరు వాడారు, మీ ఇంటికి ఎలా వచ్చింది అన్న విషయాలు ఐదు వాక్యాల్లో రాసి దాని పక్కన అంటించండి. తెలియని సంగతులు పెద్దవాళ్ళను అడిగి రాయండి.