పైరు పోషణలో నానో సాంకేతికత: కొత్తగూడ రైతుకు ఏమి చెప్పాలి?

మీటరులో వందకోట్లవ వంతును నానోమీటరు అంటారు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలోని పదార్థాలను అధ్యయనం చేసేది నానో విజ్ఞానం. ఈ స్థాయికి చేరిన పదార్థం స్వభావం మారుతుంది. ఒక సెంటీమీటరు భుజం గల ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అదే ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలుగా విభజిస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు అవుతుంది. చర్య జరిగే తావు ఇంతగా పెరగడం వల్లనే తక్కువ పదార్థంతో ఎక్కువ ఫలితం పొందవచ్చన్న ఆశ వ్యవసాయ శాస్త్రజ్ఞులలో కలిగింది. ఆ ఆశ ఎక్కడ నెరవేరింది, ఎక్కడ నెరవేరలేదు అన్నది విస్తరణ శాస్త్రజ్ఞులు తెలుసుకోవలసిన విషయం.

తిరుపతి పరిశోధనలు

తెలుగునాట ఈ రంగంలో చెప్పుకోదగిన కృషి తిరుపతిలో జరిగింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్, సహచరులు వేరుశనగపై నానో జింక్ ఆక్సైడ్‌ను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. సగటున 25 నానోమీటర్ల కణాలను 1000 పీపీఎం గాఢతలో విత్తనానికి అందించినప్పుడు మొలక శాతం, మొలక దృఢత్వం పెరిగాయి. పూత ముందుగా వచ్చింది. చీలేటెడ్ జింక్ సల్ఫేట్‌తో పోలిస్తే మొక్కకు కాయ దిగుబడి 34 శాతం అధికంగా నమోదైంది. 2008-09, 2009-10 రబీ కాలాల్లో పదిహేనో వంతు మోతాదుతో పొలంలో పిచికారీ చేయగా దిగుబడి వరుసగా 29.5, 26.3 శాతం పెరిగింది.

అదే అధ్యయనంలో మరొక ముఖ్యమైన అంశం ఉంది. గాఢతను 2000 పీపీఎంకు పెంచినప్పుడు పెరుగుదల కుంటుపడింది. మేలు చేసే మోతాదుకూ, కీడు చేసే మోతాదుకూ నడుమ దూరం స్వల్పమేనని దీని సారాంశం.

నానో యూరియా లెక్క

గుజరాత్‌లోని కలోల్‌లో ఇఫ్కో రూపొందించిన ద్రవ నానో యూరియా 2021లో విపణిలోకి వచ్చింది. 500 మిల్లీలీటర్ల సీసా ఒక బస్తా యూరియాకు ప్రత్యామ్నాయమని ప్రచారం జరిగింది. పోషక లెక్క వేసి చూద్దాం. 45 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. తొలుత వచ్చిన సీసాలో 4 శాతం చొప్పున ఉన్నది సుమారు 20 గ్రాములు, అంటే బస్తాలో వెయ్యవ వంతు. తరువాత వచ్చిన 20 శాతం రకంలోనూ దాదాపు 100 గ్రాములే. నేలలో వేసిన యూరియాలో మూడవ వంతే పైరుకు అందిందనుకున్నా, అది ఆరు కిలోలకు పైమాటే.

టన్ను ధాన్యం పండించడానికి వరి సుమారు 15-20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఆకుపై చల్లిన ద్రావణం ఎంత సమర్థంగా లోనికి చేరినా, దానిలో లేని నత్రజనిని పైరుకు ఇవ్వలేదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల క్షేత్ర ప్రయోగాలలో, సాధారణ ఎరువుల పద్ధతితో పోల్చినప్పుడు నానో యూరియా పద్ధతిలో వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21.6 శాతం తగ్గింది. గింజలోని నత్రజని కూడా తగ్గినట్లు గుర్తించారు.

తిరుపతి ఫలితానికీ దీనికీ వైరుధ్యం లేదు. జింక్ వంటి సూక్ష్మపోషకం పైరుకు ఎకరాకు గ్రాముల్లోనే కావాలి. ఆ అవసరాన్ని ఆకు ద్వారా తీర్చవచ్చు. నత్రజని కిలోల్లో కావాలి. నానో సాంకేతికత అల్ప పరిమాణంలో అవసరమయ్యే వాటికి, అనగా సూక్ష్మపోషకాలకు, విత్తనశుద్ధికి, సస్యరక్షణ మందులకు సహజంగా సరిపోతుంది.

కొత్తగూడలో అన్వయం

పాకాల అడవుల అంచున ఉన్న కొత్తగూడ మండలంలో వరి, మొక్కజొన్న, పత్తి సాగుచేసే గిరిజన రైతులలో సన్న, చిన్నకారువారే ఎక్కువ. 2025 వానాకాలంలో యూరియా కొరత ఏర్పడినప్పుడు మహబూబాబాద్ జిల్లా రైతులు ఎరువుల కేంద్రాల ముందు బారులు తీరారు. అటువంటి వేళ బస్తాకు బదులు సీసా తీసుకొమ్మని చెప్పడం తేలిక. కాని పిలకలు వేసే దశలో నత్రజని అందక నష్టపోయేది రైతే. ఆ నష్టం సలహా ఇచ్చినవారిపై నమ్మకాన్ని కూడా దెబ్బతీస్తుంది.

కనుక సిఫారసుకు ముందు రైతు పొలంలోనే పరీక్ష జరపాలి. పూర్తి మోతాదు నత్రజని. 75 శాతం నత్రజని. 75 శాతంతో పాటు నానో యూరియా రెండు పిచికారీలు. 75 శాతంతో పాటు 2 శాతం సాధారణ యూరియా రెండు పిచికారీలు అనే నాలుగు మడులు ఉండాలి. నాలుగవ మడి చాలా ముఖ్యం. ఎకరాకు 200 లీటర్ల 2 శాతం ద్రావణంలో 4 కిలోల యూరియా, అంటే 1.84 కిలోల నత్రజని ఉంటుంది. ఇది తొలి రకం నానో సీసాలోని నత్రజనికి తొంభై రెట్లు. ఈ పోలిక లేకుండా నానో కణాల ప్రత్యేక ప్రభావాన్ని నిర్ధారించలేము. దిగుబడితో పాటు గింజలోని నత్రజనిని, కోత తరువాత నేలలో మిగిలిన నత్రజనిని కొలవాలి.

జింక్ లోపం విషయంలోనూ ప్రస్తుత సిఫారసును విడనాడరాదు. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్, లేదా పైరుపై లీటరు నీటికి 2 గ్రాముల పిచికారీ నమ్మదగిన పద్ధతులు. నానో జింక్‌ను వీటి పక్కనే ఉంచి పరీక్షించాలి.

నానో వ్యవసాయ ఉత్పత్తుల మూల్యాంకనానికి కేంద్ర ప్రభుత్వం 2020లో మార్గదర్శకాలు విడుదల చేసింది. కణాల పరిమాణం, స్థిరత్వం, నేలలోని జీవులపై ప్రభావం, పిచికారీ చేసేవారి ఆరోగ్యం వీటిలో కీలకాంశాలు. స్నాతకోత్తర విద్యార్థులు తమ పరిశోధనకు ఎర్రనేలల్లో, నల్లరేగడిలో ఈ కణాల గమనాన్ని ఎంచుకుంటే ఈ ప్రాంతానికి నేరుగా ఉపకరిస్తుంది. అప్పటివరకు నానో యూరియాను బస్తా యూరియాకు ప్రత్యామ్నాయంగా కాక, పరీక్షించవలసిన అనుబంధంగా మాత్రమే రైతులకు పరిచయం చేయడం సముచితం.